బొట్టు ఉండొచ్చు, నవ్వు వద్దు!

ఫోటో అంటే మన ఆడవాళ్ళకి ఒక చిన్న పండగ. పెళ్ళిచూపులకి పంపే ఫోటో అయితే మరీను! పట్టుచీర, జడనిండా పూలు, రెండు పేటల గొలుసు, పక్కన స్టాండు మీద పూలకుండీ, వెనక తాజ్‌మహల్ తెర. "కొంచెం తల వంచండి, చిన్నగా నవ్వండి" అంటూ స్టూడియో ఆయన దూరం నుంచే చేతులతో సైగలు చేసి సర్దేవాడు. అందంగా పడటమే ఫోటోకి పరమార్థం అనుకుంటూ పెరిగినవాళ్ళం మనం. అందుకే పాస్‌పోర్టుకో, వీసాకో ఫోటో కావాల్సి వచ్చేసరికి మనకి ఎక్కడలేని చిక్కూ వచ్చిపడుతుంది. అక్కడ తల వంచకూడదు. నవ్వకూడదు. వెనక తెల్లగోడ తప్ప ఏమీ కనపడకూడదు. మనం వేటివేటిని అందం అనుకుంటామో అవన్నీ అక్కడ అడ్డమే!

ఈ సంగతి మా ఇంట్లో అందరికీ బాగా తెలిసొచ్చింది 2017లో. మా అత్తగారు అమెరికా ప్రయాణం కట్టినప్పుడు.

మా మరిది, తోడికోడలు అక్కడే ఉంటారు. ఆ అమ్మాయికి జూలైలో పురుడు. పాపం, తల్లి లేని పిల్ల. "మొదటి కాన్పుకి పెద్దదిక్కు లేకపోతే ఎలాగే? నేను వెళ్తాను" అని మా అత్తగారు పట్టుబట్టారు. అప్పటికి ఆవిడకి 66 ఏళ్ళు. తిరుపతి, కాశీ తప్ప గోదావరి జిల్లాలు దాటి ఎరగరు. విమానం అంటే ఆకాశంలో చూడటమే. అలాంటి మనిషి ఒక్కరూ వెళ్తానంటే మావారు, మావయ్యగారు మొహమొహాలు చూసుకున్నారు. "మీ మావయ్యకి కారం తక్కువ వేసి పెట్టు, మజ్జిగ మాత్రం మానేయనివ్వకు" అని నాకు అప్పగింతలు కూడా అయిపోయాయి.

ముందు పాస్‌పోర్టు కావాలి కదా! అది అనుకున్నంత కష్టం కాలేదు. పెద్దవాళ్ళు పాస్‌పోర్టు సేవా కేంద్రానికి ఫోటో పట్టుకెళ్ళక్కర్లేదు. ఏ, బి, సి అని మూడు కౌంటర్లుంటాయి. మొదటి కౌంటర్లో వాళ్ళే ఫోటో తీసుకుంటారు, వేలిముద్రలూ తీసుకుంటారు. నాలుగేళ్ళలోపు పిల్లలకి మాత్రం మనమే ఫోటో తీసుకెళ్ళాలి. 4.5 సెంటీమీటర్ల పొడవు, 3.5 సెంటీమీటర్ల వెడల్పు, వెనక తెలుపు. మేం విజయవాడ వెళ్ళి పొద్దుట లోపలికి వెళ్ళినవాళ్ళం మధ్యాహ్నం భోజనం వేళకి బయటపడ్డాం.

దరఖాస్తులో ఒక గడి చూసి మా అత్తగారు ఎంత మురిసిపోయారో చెప్పలేను. ఒంటిమీద కంటికి కనిపించే గుర్తులేమైనా ఉన్నాయా అని అడుగుతారు అందులో. మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాస్తారు చూడండి, అలాగన్నమాట. మా అత్తగారు చదివింది ఐదో తరగతి. తనకి సర్టిఫికెట్టూ లేదు, అందులో పుట్టుమచ్చా లేదు. "రాయవే, గడ్డం మీద ఎడమ పక్కన పుట్టుమచ్చ అని రాయి. మా అమ్మమ్మకీ అక్కడే ఉండేది" అని చెప్పి రాయించుకున్నారు. ఈ పుట్టుమచ్చ సంగతి గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని పడింది.

అసలు కథ వీసా దగ్గర మొదలైంది. అమెరికా వీసా దరఖాస్తు కంప్యూటర్లో నింపాలి, అందులోనే ఫోటో కూడా ఎక్కించాలి. "రెండంగుళాల చదరం ఫోటో కావాలి వదినా, మామూలు పాస్‌పోర్టు సైజు కాదు" అని మా మరిది ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. దరఖాస్తు పూర్తయితే గానీ ఇంటర్వ్యూ తేదీ తీసుకోవడానికి లేదు. అప్పటికే మార్చి నెల సగం గడిచిపోయింది. ఒక్కో రోజు ఆలస్యం అయ్యేకొద్దీ పురిటి వేళకి చేరుకోగలరా లేదా అని నాకు గుండెల్లో రాయి.

మా ఊళ్ళో స్టూడియోకి వెళ్ళాం. "అన్ని దేశముల వీసా ఫోటోలు తీయబడును" అని బయట బోర్డు. లోపల కుర్రాడు మా అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, "కళ్ళజోడు తీసెయ్యండి మామ్మగారూ" అన్నాడు. సరే, తీశారు. "ముక్కుపుడక కూడా తియ్యండి. బొట్టు కూడా తుడిచెయ్యండి, అమెరికా వాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు.

అంతే! ఆవిడ స్టూలు మీంచి లేచి నించున్నారు.

"నా మొగుడు నిక్షేపంలా ఉండగా బొట్టు తుడుచుకుని ఫోటో దిగమంటావా? పన్నెండో ఏట పెట్టుకున్న పుడక ఇది. పురుళ్ళకి కూడా తియ్యలేదు. ఇవి తీస్తేగానీ రానివ్వని దేశానికి నేను రాను. పదవే!" అని కళ్ళజోడు పెట్టుకుని గుమ్మం దిగేశారు.

దారి పొడుగునా ఒక్క మాట లేదు. ఇంటికొచ్చి మడతమంచం మీద కూర్చుని, "ఆ పిల్లకి తల్లి లేదనే కదా వెళ్దామనుకున్నాను. బొట్టు చెరుపుకుని శుభకార్యానికి వెళ్తారుటే ఎవరైనా?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ వినిపించింది నాకు. మావయ్యగారేమో పేపరు అడ్డం పెట్టుకుని ఊరుకున్నారు. ఆయన్ని ఏమనమంటారు చెప్పండి? బొట్టు తీస్తే తీశావులే అని ఏ భర్త అనగలడు?

ఆ రాత్రి గిన్నెలు సర్దుకున్నాక మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అమెరికా ప్రభుత్వం ఫోటో గురించి పెట్టిన షరతులన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివించుకున్నాను. వంటకి కొలతలు రాసుకున్నట్టు ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాను. చూడండి ఎంత వివరంగా ఉన్నాయో.

ఫోటో రంగుల్లో ఉండాలి, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. 51 మిల్లీమీటర్ల చదరం. అందులో గడ్డం కొస నుంచి నడినెత్తి దాకా 25 నుంచి 35 మిల్లీమీటర్లు రావాలి. కంప్యూటర్లో ఎక్కించేదైతే 240 కిలోబైట్లకి మించకూడదు. వెనక తెలుపు గానీ, తెలుపులాంటి లేతరంగు గానీ. మొహం తిన్నగా కెమెరా వైపు, రెండు కళ్ళూ తెరిచి ఉండాలి, ముఖంలో ఏ భావమూ ఉండకూడదు. నీడలు పడకూడదు. టోపీలు వద్దు. మతాచారం వల్ల రోజూ తల కప్పుకునేవాళ్ళు కప్పుకోవచ్చు, కానీ మొహం పూర్తిగా కనిపించాలి. కళ్ళజోడుకి అంతకుముందు వీలుండేది. 2016 నవంబరు 1 నుంచి దాన్ని వద్దన్నారు. ఏదో వైద్య కారణం ఉంటే డాక్టరు సంతకంతో కాగితం ఇవ్వాలి.

అంతా చదివినా బొట్టు అనే మాట నాకు ఎక్కడా కనపడలేదు! నగల సంగతీ అంతే. మొహాన్ని దాచనంతవరకు వాటితో వాళ్ళకి పేచీ లేదు. ఆ స్టూడియో కుర్రాడికి ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో! రూలు ఒకటుంటే దానికి పైన మనవాళ్ళు మరో నాలుగు తగిలించి చెప్పడం అలవాటే కదా. మడి అంటే తడిబట్ట అన్నవాళ్ళుంటే, తడిబట్టతో పాటు ఉపవాసం కూడా అన్నవాళ్ళూ ఉంటారు.

పొద్దున్నే కాఫీ ఇస్తూ చెప్పాను. "అత్తయ్యా, బొట్టు ఉండొచ్చు. పుడక ఉండొచ్చు. నవ్వు మాత్రం వద్దు." ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, "నిజంగానా?" అన్నారు. "నవ్వుదేముందే, అది మళ్ళీ వస్తుంది" అని అప్పుడు నవ్వారు.

అసలు ఈ షరతులన్నీ ఎందుకు అని మీకూ అనిపిస్తూనే ఉంటుంది. ఒకప్పుడు పాస్‌పోర్టుకి ఫోటోయే లేదు. మనిషి ఎత్తు, నుదురు, కళ్ళరంగు, ముక్కుతీరు మాటల్లో రాసేవారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక, ఎవరు ఎవరో తేల్చుకోవాల్సి వచ్చి చాలా దేశాలు ఫోటో తప్పనిసరి చేశాయి. కొత్తల్లో టోపీలు పెట్టుకున్న ఫోటోలు, ఇంటిల్లిపాదీ కూర్చున్న ఫోటోలు కూడా చెల్లిపోయేవి. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి పాస్‌పోర్టు పుస్తకానికి ఒక ఉమ్మడి నమూనా అనుకున్నారు. ఇప్పుడైతే మనుషులతో పాటు యంత్రాలు కూడా మన మొహం చూస్తున్నాయి. కంటికీ కంటికీ మధ్య ఎంత దూరం, ముక్కు ఎక్కడ, నోటి చివరలు ఎక్కడ అని కొలుస్తాయి. నవ్వితే బుగ్గలు పైకి లేచి, కళ్ళు చిన్నవై ఆ కొలతలు మారిపోతాయి. కళ్ళద్దాల మీద వెలుగు పడితే కళ్ళే కనపడవు. వెనక రంగుల తెర ఉంటే తల ఎక్కడ ఆగిందో, తెర ఎక్కడ మొదలైందో తేలదు. చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు మన దేశంలోనూ ఇస్తున్నారు, ఆ చిప్‌లో మన మొహమూ ఉంటుంది. కాబట్టి కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆ ఫోటో మనం చూసి మురిసిపోవడానికి కాదు, మనల్ని ఎన్నడూ చూడనివాడు గుర్తుపట్టడానికి.

మళ్ళీ కథలోకి వద్దాం. ఈసారి పట్నంలో ఇంకో స్టూడియోకి వెళ్ళాం. వాళ్ళు బొట్టు జోలికి రాలేదు. చక్కగా తీశారు. పావుగంటలో చేతికిచ్చారు. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసి, "ఎవరే ఈవిడ?" అన్నారు.

నిజమే! నుదుటి మీద ఒక్క ముడత లేదు. కళ్ళ కింద నలుపు లేదు. మనిషి పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యం, గడ్డం మీద పుట్టుమచ్చ లేదు! ఆ అబ్బాయి కంప్యూటర్లో అన్నీ శుభ్రం చేసేశాడు. "పెద్దావిడ కదా అని బాగా క్లీన్ చేశానండీ, దీనికి వేరే చార్జీ లేదు" అన్నాడు పాపం. వాడి అభిమానాన్ని కాదనలేం. కానీ అమెరికా షరతుల్లో అది ఖచ్చితంగా ఉంది. రూపం మారేలా ఫోటోని దిద్దకూడదు. పాస్‌పోర్టు దరఖాస్తులో గుర్తుగా రాయించిన పుట్టుమచ్చ వీసా ఫోటోలో మాయమైతే ఎలా?

ఇంటికొచ్చాక మావయ్యగారు ఆ ఫోటో చూసి, "పెళ్ళినాడు కూడా ఇంత తెల్లగా లేదే మీ అత్తయ్య" అన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "అరవై ఆరేళ్ళు బతికితే వచ్చిన మొహం ఇది. ముడతలు తీసేస్తే నేనేం మిగులుతాను?" అన్నారు. ఆ మాట నాకు ఈనాటికీ గుర్తు. ఆ ముడతల్లో ముగ్గురు పిల్లల పురుళ్ళున్నాయి, 1977 దివిసీమ ఉప్పెనలో పోయిన పుట్టింటివాళ్ళ కోసం ఏడ్చిన ఏడుపుంది, కట్టెల పొయ్యి ముందు ఊదిన ఊదుడుంది.

సరే, ఇక లాభం లేదని ఇంట్లోనే తీద్దామనుకున్నాం. పడమటి వసారాలో పొద్దుటిపూట వెలుగు నేరుగా పడదు, కానీ వెలుతురు బాగుంటుంది. గోడకి ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లదుప్పటి ముడతల్లేకుండా కట్టాం. దానికి మూడడుగులు ముందుకి కుర్చీ వేశాం. గోడకి ఆనుకుని కూర్చుంటే నీడ పడుతుంది. తెల్లచీర కడితే వెనక తెలుపులో కలిసిపోతుందని ముదురాకుపచ్చ నేతచీర కట్టుకోమన్నాను. జుట్టు కళ్ళ మీద పడకుండా వెనక్కి దువ్వి ముడివేశాను. చిన్న బొట్టు, ముక్కుపుడక ఉండనే ఉన్నాయి.

కళ్ళజోడు తీసేసరికి ఇంకో తంటా. ఆవిడకి కెమెరా ఎక్కడుందో కనిపించదు! చూపు ఎటో పోతోంది. మావారు కెమెరా వెనక నించుని, "అమ్మా, నా గొంతు వినిపించే వైపు చూడు" అన్నారు. చూపు తిన్నగా వచ్చింది. కానీ కొడుకు గొంతు వినగానే మొహంలో నవ్వు కూడా వచ్చేసింది. నవ్వొద్దంటే చిరాకు మొహం పెట్టారు. మధ్యస్థంగా ఉండమంటే ఆవిడకి అర్థం కాలేదు. అప్పుడు నాకు తట్టింది. "అత్తయ్యా, వడ్లు కొలిచేటప్పుడు లెక్క తప్పకుండా మనసులో అనుకుంటారు చూడండి, ఎన్ని కుంచాలైందో, అలా ఉండండి" అన్నాను. అంతే, నోరు మూసుకుంది, కళ్ళు నిలబడ్డాయి, నవ్వూ లేదు, కోపమూ లేదు. మావారు టకటకా నాలుగు తీశారు. మూడోది కుదిరింది. చదరంగా కత్తిరించి ఎక్కిస్తే కంప్యూటరు మారుమాట్లాడకుండా తీసుకుంది.

ఆ తర్వాత పనులు చకచకా నడిచాయి. ఇంటర్వ్యూకి ముందు వేలిముద్రలు తీసుకునే చోట మళ్ళీ ఒక ఫోటో తీశారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆవిడే కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, వడ్లు కొలిచే మొహం పెట్టారట! అమెరికా కాన్సులేట్ అప్పట్లో బేగంపేటలో ఉండేది. 2023లో నానక్‌రామ్‌గూడకి మారింది. లోపల ఏమడిగారని అంటే, "ఎందుకెళ్తున్నావన్నారు. పురుడు పొయ్యడానికి అన్నాను. తెలుగు చెప్పే అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. వెళ్ళిరమ్మన్నారు" అన్నారు.

జూన్ నెలాఖర్లో అక్కడ దిగారు. దిగగానే ఫోన్లో చెప్పిన మొదటి ముచ్చట ఇదే. "విమానం దిగాక గాజుగదిలో ఒకాయన నా మొహం చూశాడు, పుస్తకంలో బొమ్మ చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. పుట్టుమచ్చ చూసే వదిలేసి ఉంటాడే!" పదకొండు రోజుల తర్వాత మనవరాలు పుట్టింది. పురిటి గదిలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నది మా అత్తగారే.

మీ ఇంట్లోనూ ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే నాలుగు మాటలు చెప్తాను, ఉపయోగపడతాయి. "పాస్‌పోర్టు సైజు" అనగానే అన్నీ ఒకటే అనుకోకండి. బ్రిటన్‌కి 35, 45 మిల్లీమీటర్లు. కెనడా పాస్‌పోర్టుకి 50, 70. అమెరికాకి చదరం. స్టూడియోకి వెళ్ళేటప్పుడు ఏ దేశం, ఎంత కొలత అన్నది కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. "దిద్దకండి, ఉన్నదున్నట్టు ఇవ్వండి" అని ముందే చెప్పండి. సెల్‌ఫోన్లో తీస్తే మొహాన్ని నునుపు చేసే ఫిల్టర్లు ఆపెయ్యండి. మొక్కు ఉండి తిరుపతిలో తలనీలాలు ఇవ్వాలనుకునే వాళ్ళు ఫోటో, ప్రయాణం, మొక్కు ఏది ముందో ఏది వెనకో చూసుకోండి. ఫోటోలో ఉన్నది ఇప్పటి రూపం కావాలి కదా. విదేశాల్లో ఉన్న మన పిల్లలకి కూడా ఒక మాట చెప్పండి. 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడి మన రాయబార కార్యాలయాల్లో పాస్‌పోర్టుకి ఇచ్చే ఫోటోలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారమే ఉండాలి. పాత ఫోటోలు ఇంట్లో పడి ఉన్నాయి కదా అని ఇస్తే కుదరదు.

అన్నిటికంటే కష్టం పసిపిల్లల ఫోటో. మా మనవరాలికి, అదే, మా మరిది కూతురికి, నెల దాటగానే పాస్‌పోర్టు పనిలో పడ్డారు. ఫోటోలో పిల్ల తప్ప ఎవరూ ఉండకూడదు, పట్టుకున్న చెయ్యి కూడా కనపడకూడదు, నోట్లో తేనెపీక ఉండకూడదు. తెల్లదుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయవచ్చు. మరీ పసిగుడ్లకి కళ్ళు పూర్తిగా తెరుచుకోకపోయినా ఊరుకుంటారు. ఇంతవరకు బాగానే ఉంది. బుగ్గన దిష్టిచుక్క మాటేమిటి? దాని సంగతి కూడా ఎక్కడా రాసిలేదు గానీ, అంత చిన్న మొహం మీద అంత పెద్ద నల్లచుక్క ఉంటే ఏ అధికారి ఏమంటాడోనని మా తోడికోడలికి భయం. చుక్క లేకుండా పిల్లని ఫోటో తీయనివ్వడానికి మా అత్తగారికి భయం.

ఫోన్లో ఇద్దరి వాదనలూ విని నేనేదో సర్దిచెప్పబోయాను. "నువ్వుండవే" అన్నారు మా అత్తగారు. "మొహం వాళ్ళకి కావాలి, ఇచ్చేశాను. కాళ్ళు వాళ్ళకి అక్కర్లేదు కదా!"

పిల్ల అరికాల్లో పెట్టారట దిష్టిచుక్క. ఫోటో మొదటిసారికే కుదిరింది.